చూపించుకుని వెళ్ళిన పేషెంటు మళ్ళీ రావాలంటే: చిన్న ఊరి క్లినిక్‌లో వైద్యం మధ్యలో తెగిపోకుండా చూసుకోవడం ఎలా

షుగర్, బీపీ, థైరాయిడ్, ఆస్తమా, ఫిట్స్, స్టెంట్ వేయించుకున్న గుండె. వీటిలో ఏదీ ఒకసారి చూసి మందు రాసిస్తే తీరిపోయేది కాదు. మండల కేంద్రంలోనో, టౌన్లో బస్టాండు పక్కనో క్లినిక్ పెట్టుకున్న డాక్టరుకి పొద్దున్నే కనిపించేది జ్వరాలు, దగ్గుల రద్దీ. ఏళ్ళ తరబడి మన చేతిలో ఉండాల్సింది మాత్రం ఈ దీర్ఘకాలిక జబ్బులవాళ్ళు. వీళ్ళలో చాలామంది రెండు మూడు నెలలు క్రమంగా వస్తారు, తర్వాత కనిపించరు. మళ్ళీ కనిపించేది కాలికి పుండు పడ్డాకో, మూతి వంకర పోయాకో.

అప్పుడు "నేను చెప్పినట్టు వింటేగా" అని విసుక్కోవడం తేలిక. నేను మాత్రం పేషెంటు రాకపోవడాన్ని క్లినిక్ లెక్కలో వేస్తాను. ఒక విజిట్‌కీ ఇంకో విజిట్‌కీ మధ్య అతను ఎక్కడ జారిపోతున్నాడో కనిపెట్టే పని ఎవరో ఒకరికి అప్పగించాలి. ఆ పనికి పెద్ద ఖర్చు లేదు. ఏం చేయాలో వరసగా చెబుతాను. డాక్టరుతో పాటు కౌంటర్లో కూర్చునే మనిషి కూడా చదివితే మంచిది, ఎందుకంటే ఇందులో సగం పని ఆ మనిషిదే.

మొదట రిజిస్టరు

సాఫ్ట్‌వేర్ కొనడంతో మొదలుపెట్టకండి. ఒక లాంగ్ బుక్ చాలు. ఎక్సెల్ వచ్చినవాళ్ళు కౌంటర్లో ఉంటే ఇంకా మేలు. దీర్ఘకాలిక జబ్బున్న ప్రతి మనిషికీ ఒక వరస: ఇంటిపేరుతో సహా పేరు, వయసు, ఊరు, జబ్బు, ఫోన్ నంబరు, మళ్ళీ రావాల్సిన తేదీ. ఇంటిపేరు తప్పనిసరి. ఒకే ఊరి నుంచి ముగ్గురు వెంకటలక్ష్ములు వస్తారు, అందులో ఇద్దరి భర్తల పేరూ శ్రీనివాసరావే అయి ఉంటుంది.

ఫోన్ నంబరు పక్కన అది ఎవరిదో కూడా రాయండి. చాలామంది పెద్దవాళ్ళు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు నంబరు ఇస్తారు. అమ్మ మాత్రలు అయిపోయిన సంగతి అతనికి తెలియదు, కానీ డబ్బు పంపేది అతనే. కాబట్టి ఆ నంబరూ కావాలి, ఊళ్ళో ఆమె పక్కన ఉండే మనిషి నంబరూ కావాలి.

పాత పేషెంట్లందర్నీ ఒక ఆదివారం కూర్చుని ఎక్కించేద్దామనుకోకండి. సగంలో విసుగొచ్చి ఆపేస్తారు. ఇవాళ్టి నుంచి వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఎక్కించుకుంటూ పోతే మూడు నెలల్లో క్రమంగా వచ్చేవాళ్ళంతా పుస్తకంలోకి వచ్చేస్తారు. ఆ తర్వాత పాత ఓపీ పుస్తకాలు తిరగేసి, అప్పట్లో వచ్చి ఇప్పుడు రానివాళ్ళ పేర్లు తీయండి. మీరు ముందుగా ఫోన్ చేయాల్సింది వాళ్ళకే.

ఫైలు ఇంటికొకటి, కానీ పేజీ మనిషికొకటి

ఒక ఇంట్లో వాళ్ళందరి కాగితాలూ ఒకే ఫైల్లో ఉంటే చాలా విషయాలు అడగకుండానే తెలుస్తాయి. తండ్రికి షుగర్, మేనత్తకి షుగర్, ఇప్పుడు ముప్ఫై దాటిన కొడుక్కి బొజ్జ పెరుగుతోంది అంటే, జలుబుకి వచ్చినా సరే అతనికి ఒకసారి షుగర్ చూడాలని ఫైలే చెబుతుంది. అయితే కోడలు చెప్పుకున్న సంగతి అత్తగారి కంటపడకూడదు. టీనేజ్ పిల్లల విషయాలు, మానసిక సమస్యలు, హెచ్‌ఐవీ లాంటివి ఆ ఫైల్లో పెట్టకండి. విడిగా డాక్టరు దగ్గరే ఉంచండి. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ ఇల్లు మొత్తం మీ గడప తొక్కదు.

ప్రతి మనిషి పేజీలో పైన ఒక సారాంశం ఉండాలి. ఉన్న జబ్బులు, అవి ఏ ఏడాది మొదలయ్యాయి, ఇప్పుడు వాడుతున్న మందులు (కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు), పడని మందులు, అయిన ఆపరేషన్లు, కిందటిసారి బీపీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకెలు. ఇంకొక గడి కూడా పెట్టండి: "కిందటిసారి ఏం అనుకున్నాం, ఎందుకు". ఈ 'ఎందుకు' రాయకపోతే ఏమవుతుందో చూడండి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కాళ్ళు వాచాయని మీరు ఆపేస్తే, అదే మందును ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు, లేదా తీరిక లేని ఒక సాయంత్రం మీరే, మళ్ళీ రాసేస్తారు. కాళ్ళు మళ్ళీ వాస్తాయి. పేషెంటు ఈసారి డాక్టరునే మార్చేస్తాడు.

అదే సారాంశం పేషెంటు చేతిలోనూ ఉండాలి. విడి చీటీలు ఇవ్వకండి, నలభై పేజీల నోటుబుక్కు ఇవ్వండి. చీటీ మెడికల్ షాపులోనే పోతుంది. పుస్తకం మాత్రం దేవుడి గూట్లోనో బీరువాలోనో ఉంటుంది, ఊరెళ్ళినా వెంట వస్తుంది. పేషెంటు తన రికార్డులు కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, రికార్డులు మూడేళ్ళు దాచాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. పుస్తకం పద్ధతి పెట్టుకుంటే అడిగే అవసరమే చాలావరకు రాదు. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉన్నవాళ్ళది పుస్తకం అట్ట మీద రాయించండి. దాని మీద మాత్రమే ఆధారపడి నోటుబుక్కు మానేయకండి.

సంచి విప్పండి

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడే పని ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. ఏడాదికి రెండుసార్లయినా ప్రతి దీర్ఘకాలిక పేషెంటునీ "ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి, అయిపోయిన ఖాళీ స్ట్రిప్పులతో సహా" అని పిలవండి. 'వాడుతున్న మందులు' అని అడిగితే వాళ్ళు ఏరి తెస్తారు. 'అన్నీ' అనాలి.

పెద్దావిడ బట్టల షాపు సంచి టేబుల్ మీద పెడుతుంది. పైన ఎక్స్‌రే ఫిల్ములు, కింద మడతలు పడ్డ ల్యాబ్ రిపోర్టులు, మెడికల్ షాపు బిల్లులు, వాటి మధ్య రబ్బరు బ్యాండు వేసిన మాత్రలు. టెల్మా 40 ఒక స్ట్రిప్పు, మీరు రాసిందే. దాని పక్కనే టెల్మికైండ్ 40, మోకాళ్ళ నొప్పులకని టౌన్లో ఇంకో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బీపీ ఎక్కువుందని అక్కడ రాసింది. రెండూ టెల్మిసార్టానే. ఆమె దృష్టిలో ఒకటి మీరు ఇచ్చింది, ఇంకోటి మోకాళ్ళ డాక్టరు గారిది, రెండూ వేసుకుంటోంది. "లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి బాబూ" అని వచ్చింది. కింద పేరు చెరిగిపోయిన ఇంకో స్ట్రిప్పు, వెలుతురుకి పట్టుకుని చూస్తే డైక్లోఫెనాక్. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి. బీపీ మందు పని చేయకుండా అడ్డుపడేది, కిడ్నీని దెబ్బతీసేది ఆ గోళీయే.

ఇప్పుడు చేయాల్సింది: ప్రతి స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఒక్కోదాన్నీ చేతిలో పెట్టి "ఇది దేనికమ్మా? ఎప్పుడు వేసుకుంటున్నావు?" అని అడగండి. మీరు చెప్పకండి, ఆమెతో చెప్పించండి. ఆపాల్సినవి పక్కన పెట్టి, ఆమె కళ్ళ ముందే మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టండి. ఉంచాల్సిన వాటి మీద సూర్యుడి బొమ్మో చంద్రుడి బొమ్మో వేయండి, చదువు రానివాళ్ళకి ఉదయం, రాత్రి తెలియడానికి. చివరిగా సారాంశం పేజీలో మందుల జాబితా కొత్తగా రాయండి. పాత జాబితా మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు పెట్టొద్దు. పది, పదిహేను నిమిషాలు పడుతుంది. రద్దీ వేళ కుదరదు, మధ్యాహ్నం పిలవండి.

తేదీ ఇచ్చి పంపండి

"నెల తర్వాత రండి" అంటే ఎవరూ రారు. తేదీ, వారం చెప్పాలి, పుస్తకంలో రాయాలి, గోడ క్యాలెండర్లో సున్నా చుట్టమని ఇంట్లో వాళ్ళకి చెప్పాలి. ఆ తేదీ మాత్రలు అయిపోవడానికి రెండు రోజుల ముందు పడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని స్ట్రిప్పుల్లో పది మాత్రలు, కొన్నిట్లో పదిహేను. షాపతను కత్తిరించనంటే ఇదొక మూడు, అదొక మూడు ఇచ్చి పంపుతాడు. షుగర్ మాత్ర నెలకి అయిపోతుంది, బీపీ మాత్ర నెలన్నరకి అవుతుంది. షుగర్ మాత్ర అయిపోయినా "ఇంకా మందులున్నాయిగా" అని ఇంట్లో కూర్చుంటారు. అన్నీ ఒకే రోజుతో అయిపోయేలా లెక్కపెట్టి రాయండి, ఎన్ని మాత్రలో అంకె వేయండి.

తేదీ పేషెంటు బతుకుని బట్టి వేయాలి. సంత రోజు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎలాగూ టౌనుకి వస్తారు. షుగర్, బీపీ వాళ్ళకి ఆ మధ్యాహ్నం కేటాయిస్తే బస్సు చార్జీ వేరే పెట్టుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ఒకటో తేదీన చేతికొస్తుంది కాబట్టి పింఛను మీద బతికే పెద్దవాళ్ళకి మొదటి వారమే సరైంది. మిరప కోతలు, పత్తి తీతలు నడిచే నెలల్లో కూలికి వెళ్ళేవాళ్ళని పగలు రమ్మంటే ఒక రోజు కూలి పోగొట్టుకోమన్నట్టే. వాళ్ళకి సాయంత్రం ఏడు తర్వాత చూడండి, లేదంటే స్థిరంగా ఉన్నవాళ్ళకి రెండు మూడు నెలల మందు ఒకేసారి రాయండి. బెంగళూరుకి భవన నిర్మాణం పనికి వెళ్ళే కుటుంబాలకీ ఇదే దారి.

రాకపోతే ఫోన్

రోజూ క్లినిక్ మూసేముందు కౌంటర్ మనిషి రిజిస్టర్లో వారం కిందటి తేదీ చూడాలి. ఆ రోజు రావాల్సి ఉండి రానివాళ్ళకి ఫోన్ చేయాలి. చిన్న క్లినిక్‌లో ఇది రోజుకి నాలుగైదు ఫోన్లకి మించదు.

ఎలా మాట్లాడతారన్నది ముఖ్యం. "మీరు రాలేదు ఏంటి?" అంటే ఫోన్ పెట్టేస్తారు. "ఏమ్మా, డాక్టరు గారి దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. మందులు అయిపోయుంటాయి కదా, ఒంట్లో ఎలా ఉంది?" అంటే మాట్లాడతారు. కారణం వాళ్ళే చెబుతారు: మనవరాలి ఓణీల ఫంక్షన్, డబ్బు ఇబ్బంది, కూతురి దగ్గరికెళ్ళడం, ఎవరో చెప్పిన కషాయం, "షుగర్ నార్మల్ వచ్చిందిగా, ఆపేశాను". ఆ కారణాన్ని ఒక్క ముక్కలో రిజిస్టర్లో రాయాలి. డబ్బు అని తేలితే తిట్టి లాభం లేదు, జన్ ఔషధి షాపులో దొరికే మందుల పేర్లతో చీటీ మార్చి రాయాలి. 'నార్మల్ వచ్చింది' అన్నవాళ్ళకి డాక్టరే మాట్లాడాలి. మందు వేసుకోబట్టే నార్మల్ వచ్చిందని కౌంటర్ మనిషి చెబితే నమ్మరు.

చాలామంది రాకపోవడానికి అసలు కారణం భయం. మందు మానేశారు, తిండి అదుపు తప్పింది, వస్తే డాక్టరు నలుగురిలో కోప్పడతాడు. కాబట్టి చాలా రోజుల తర్వాత వచ్చినవాళ్ళని మొదటి రోజు ఏమీ అనకండి. అంకెలు చూసి, మందు మొదలుపెట్టి, దగ్గర్లో ఒక తేదీ ఇవ్వండి. చెప్పాల్సిన నాలుగు మాటలూ ఆ తేదీకి వచ్చినప్పుడు చెప్పొచ్చు.

ఫోన్లోనే మందు కొనసాగించాల్సి వస్తే నిబంధన తెలుసుకుని చేయండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అదే జబ్బుకి ఆరు నెలల లోపు మీరు నేరుగా చూసిన పేషెంటుకి ఫాలోఅప్‌గా అవే మందులు రాయొచ్చు. క్లినిక్‌కి విడిగా ఒక ఫోన్, అందులోనే వాట్సాప్ పెట్టుకోండి. ఇంట్లో చూసుకున్న బీపీ, షుగర్ అంకెలు దానికే పంపమనండి. మీ సొంత నంబరు ఇస్తే అర్ధరాత్రి వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటోల్లో అసలు మెసేజ్ మునిగిపోతుంది. గుండె నొప్పి, ఆయాసం, మూతి వంకర లాంటివాటికి వాట్సాప్ చేయొద్దని, 108కి ఫోన్ చేయాలని పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి.

పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చేటప్పుడు

తెగిపోయే చోట్లలో పెద్దది ఇది. పంపేటప్పుడు ఒక ఉత్తరం ఇవ్వండి. ఎందుకు పంపుతున్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు, మీకు కావాల్సిన జవాబు ఏమిటి. 'ఫర్ ఫర్దర్ మేనేజ్‌మెంట్' అని ఒక్క ముక్క రాస్తే అక్కడ మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెడతారు, చేసిన పరీక్షలే మళ్ళీ చేస్తారు. పేషెంటుకి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: "డిశ్చార్జ్ అయ్యాక వారం లోపల ఆ కాగితం, మందులన్నీ పట్టుకుని ఇక్కడికి రావాలి."

వచ్చాక పాత జాబితా, డిశ్చార్జ్ కాగితం పక్కపక్కన పెట్టి మూడు వరసలు రాయండి: కొనసాగేవి, ఆపినవి, కొత్తవి. ఆపినట్టు కాగితంలో స్పష్టంగా లేక, కేవలం రాయకుండా వదిలేసిన మందు ఉంటే అక్కడికి ఫోన్ చేసి కనుక్కోండి. థైరాయిడ్ మాత్ర ఇలా జాబితాలో జారిపోయి నెలల తరబడి ఆగిపోవడం అరుదేమీ కాదు. అయిదు రోజులకని రాసిన గ్యాస్ మాత్ర అయిదేళ్ళు నడవడం దీనికి రెండో వైపు.

స్టెంట్ వేయించుకున్నవాళ్ళ సంగతి విడిగా చూడండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు ఎప్పటివరకు, ఎవరు చెబితే ఆపాలి అన్నది పుస్తకంలో ఎర్ర ఇంకుతో ఉండాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, అక్కడెవరో అన్నారని వారం రోజులు ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. "ఎవరు ఆపమన్నా ముందు ఇక్కడ అడగండి" అన్న ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి.

ఊళ్ళో మనుషులతో

మీ పేషెంటుని మీకంటే ఎక్కువసార్లు చూసేది ఆశా వర్కరు, ఏఎన్ఎం, విలేజ్ క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఆర్ఎంపీ, మెడికల్ షాపతను. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో అధికారికంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో ఊళ్ళకే వచ్చి షుగర్, బీపీ చూసి మందులిచ్చే ఏర్పాటు పెట్టారు. తెలంగాణలో పల్లె, బస్తీ దవాఖానాలున్నాయి. వాళ్ళు చూసిన అంకె కూడా మీ నోటుబుక్కులోనే రాయించుకోమని పేషెంటుకి చెప్పండి. అక్కడ ఉచితంగా వచ్చే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ని మీరు ఇంకో పేరుతో రాసి కొనిపించకండి. ఆర్ఎంపీలతో వాదం పెట్టుకోవడం వృథా. నొప్పి ఇంజెక్షన్ ఎవరెవరికి వేయకూడదో ఒక పేర్ల చీటీ ఇస్తే చాలామంది పాటిస్తారు.

ఒకే డాక్టరు

ఇద్దరు ముగ్గురు డాక్టర్లున్న క్లినిక్ అయితే పుస్తకం అట్ట మీద డాక్టరు పేరు ఉండాలి, టోకెన్ ఆ పేరు మీదే ఇవ్వాలి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళ దగ్గరికి పంపడం జ్వరానికి సరే, షుగర్‌కి కాదు. నార్వేలో 2001 నుంచి ప్రతి మనిషికీ పేరున్న ఒక ఫ్యామిలీ డాక్టరు ఉండే పద్ధతి నడుస్తోంది. 2022లో అచ్చయిన ఒక పరిశోధన అక్కడి సుమారు 45 లక్షల మంది రికార్డులు చూసింది. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్ళకు పైగా ఉన్నవాళ్ళలో, ఏడాదిగా మాత్రమే ఉన్నవాళ్ళతో పోలిస్తే అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. డాక్టరు మారకపోవడమే దీనికి కారణమని ఇలాంటి లెక్కలతో తేల్చలేం, కానీ ఏళ్ళు పెరిగే కొద్దీ తేడా పెరుగుతూ పోవడం ఆలోచించాల్సిన విషయం.

దీనికో లోపమూ ఉంది. నెలనెలా చూసే కళ్ళకి మెల్లగా వచ్చే మార్పు ఆనదు. బరువు తగ్గడం, రక్తం తగ్గి పాలిపోవడం, చేతులు వణకడం, మతిమరుపు కొత్తవాళ్ళకే ముందు కనిపిస్తాయి. అందుకని ఏడాదికి ఒకసారి పేషెంటుని కొత్త మనిషిలా చూడండి: బరువు కిందటేడుతో పోల్చడం, చెప్పులు విప్పించి పాదాలు చూడటం, కంటి పరీక్షకి పంపడం, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. వీలైతే ఆ ఒక్కసారి పక్క గది డాక్టరుకి చూపించండి.

మీరు ఊళ్ళో లేనప్పుడు కూడా ఇదే పుస్తకం పని చేయాలి. సెలవు పెట్టేముందు, చేయి జారితే ప్రమాదం ఉన్నవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి మీ బదులు కూర్చునేవాళ్ళకి ఇవ్వండి: ఇన్సులిన్ కొత్తగా మొదలైనవాళ్ళు, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) వాడేవాళ్ళు, ఫిట్స్ మందు మారుస్తున్నవాళ్ళు, నిండు గర్భిణులు. క్లినిక్ వదిలి వెళ్ళిపోతున్నట్టయితే రెండు నెలల ముందే చెప్పి, వీళ్ళలో ఒక్కొక్కర్నీ కొత్త డాక్టరుకి ఎదురుగా కూర్చోబెట్టి అప్పగించండి.

మూడు నెలలకోసారి లెక్క

ఏవో ఇరవై షుగర్ ఫైళ్ళు తీయండి, ఏరకుండా వరసగా. ఎంతమంది గత మూడు నెలల్లో వచ్చారు? ఎంతమందికి ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేశారు? ఏడాదిలో కళ్ళు, పాదాలు, క్రియాటినిన్ చూసినవాళ్ళెందరు? క్లినిక్‌లో డాక్టర్లు ఎక్కువమంది ఉంటే, ఒక్కో పేషెంటు ఏడాది విజిట్లలో ఎన్ని సొంత డాక్టరు దగ్గర జరిగాయో చూడండి. ఎనిమిదిలో ఆరు అయితే బాగున్నట్టే, ఎనిమిదిలో మూడు అయితే టోకెన్ ఇచ్చే పద్ధతిలో తేడా ఉంది. అంకెలు కాగితం మీద రాసి కౌంటర్ వెనక గోడకి అంటించండి, పేషెంట్లకి కనపడనక్కర్లేదు. వచ్చే మూడు నెలలకి ఒక్క అంకెనే ఎంచుకుని పెంచడానికి చూడండి. ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే, రానివాళ్ళకి ఫోన్ చేసే పని ఎన్ని రోజులు ఎగ్గొట్టారో ముందు అది లెక్కపెట్టండి.